ఎనెలెసి ఆటకు పూచీ

మ్పొనెలా బజారులో సైకిళ్ళు బాగుచేసే ఫైనోసికి ఒక జబ్బుంది. కంటబడ్డ ప్రతిదీ ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా అతనికి ముద్ద దిగదు. ఒకసారి చర్చి గడియారం ఆగిపోతే తెచ్చి, విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. గడియారం నడవలేదు గాని, ఎందుకు నడవడం లేదో మాత్రం బజారంతటికీ విడమరిచి చెప్పాడు. పాదిరిగారు ఇప్పటికీ ఎండను చూసే గంట కొట్టిస్తున్నారు.

సైకిళ్ళ పని పొట్టకూటికి. ఊళ్ళో అతనికున్న మర్యాదంతా న్ఖోస్వేగా వచ్చింది. తోడబుట్టిన ఆడవాళ్ళకూ వాళ్ళ కూతుళ్ళకూ అతనే పూచీ. పెళ్ళి మాటలప్పుడు పిల్ల తరఫున చాప మీద కూర్చునేది అతను. మగపెళ్ళివారి న్ఖోస్వే తెచ్చిన పుంజును అందుకుని, బదులుగా పెట్టను ఇచ్చేది అతను. ఆ కోళ్ళు చేతులు మారాయంటే ఇద్దరు పెద్దలూ బతికున్నన్నాళ్ళూ కట్టుబడ్డట్టే. తర్వాత మొగుడు తాగొచ్చినా, పెళ్ళాం అలిగినా కబురు వాళ్ళకే వస్తుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు గాని ఫైనోసి ఒక్కటీ ఆడడు. పిల్లకు వంట రాదంటే రాదనే చెబుతాడు. అయినా ఇరవై మూడు పెళ్ళిళ్ళకు పూచీపడితే విడిపోయినవి రెండే.

ఇరవై నాలుగోసారి అతను పూచీపడింది పెళ్ళికి కాదు, ఫుట్‌బాల్ ఆటకు.

చెల్లెలు లొజాలియాకు ఏడుగురు పిల్లలు. నాలుగోది ఎనెలెసి. ప్లాస్టిక్ సంచులు ఉండచుట్టి ట్యూబు ముక్కలతో బిగించిన బంతితో, మొగపిల్లల మధ్య ఆడుతూ పెరిగింది. ఆ ట్యూబు ముక్కలు ఫైనోసి కొట్లోవే. కొన్ని అతను ఇచ్చినవి, ఎక్కువ ఆమె ఎత్తుకుపోయినవి. స్కూలు జట్టు, జిల్లా జట్టు, పదహారేళ్ళకు లిలోంగ్వేలో ఒక క్లబ్బు, పదిహేడేళ్ళకు దేశం జట్టు. చెప్పుకుంటే నాలుగు ముక్కలే గాని, మధ్యలో లొజాలియా "ఇది ఆడపిల్లా, ఆంబోతా" అని ఎన్నిసార్లు నెత్తి బాదుకుందో లెక్కలేదు.

దేశం తరఫున మొదటి మ్యాచ్‌లో ఎనెలెసిని చివరి పదకొండు నిమిషాలకు దింపారు. బంతి తొమ్మిదిసార్లు తగిలిందని ఇంటికొచ్చి చెప్పింది. ఫైనోసి ఆ కబురు కన్నా కొత్త బూట్ల మీద ఎక్కువ మనసు పెట్టాడు. అడుగున ఉన్న మేకుల్లో ఒకటి ఎలా బిగించారో చూడాలని విప్పాడు. అది దొర్లి ఎక్కడికో పోయింది. పిల్ల రెండో మ్యాచ్ ఒక మేకు తక్కువతో ఆడింది.

ఆ తర్వాత అతనికి పెద్ద చిక్కే వచ్చింది. మేనకోడలు ఆడుతుందని తెలుసు. ఏం ఆడుతుందో మాత్రం అర్థం కాలేదు. గోలు కొట్టేవాళ్ళ పని కనబడుతుంది, ఆపేవాళ్ళ పనీ కనబడుతుంది. ఈ పిల్ల రెంటికీ నడుమ తిరుగుతుంది. బంతి రాగానే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. రేడియోలో మ్యాచ్ వస్తే బజారంతా అతని కొట్టు ముందు చేరేది. తొంభై నిమిషాల్లో ఎనెలెసి పేరు రెండుసార్లు వినబడితే గొప్ప.

సైకిల్ టాక్సీ తొక్కే లపుకేని ఊరుకునే రకం కాదు. "ఏం ఫైనోసీ, మీ అమ్మాయి మ్యాచ్‌కెళ్ళిందా, పక్కూళ్ళో పెళ్ళికెళ్ళిందా? పేరే రావట్లేదు!"

"నీ సైకిలు బ్రేకు సంగతి చూసుకో. అదీ పేరుకే ఉంది," అనేవాడు ఫైనోసి. కాని లోపల తొలుస్తూనే ఉండేది.

ఒక సెలవుకు ఎనెలెసి ఇంటికి వచ్చింది. స్కూలు మైదానంలో ఆడుతుంటే ఫైనోసి గట్టు మీద కూర్చుని, బంతిని చూడడం మానేసి పిల్లనే చూశాడు. అప్పుడు కనబడింది. బంతి తన దగ్గరికి రాకముందే ఆమె ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. బంతి వచ్చాక ఇక చూడదు. ఎటు పంపాలో ముందే తెలిసిపోయి ఉంటుంది.

ఆట కాగానే పట్టుకున్నాడు. "ఏమే, అస్తమానం వెనక్కి చూస్తావేంటి? దొంగసొత్తు మోసుకెళ్ళేదాన్లాగ?"

ఎనెలెసి నవ్వింది. "ఎవరెక్కడున్నారో చూసుకోవద్దా మామయ్యా?"

"ఎవరు నేర్పారు, కోచా?"

"కోచ్ కాదు, అమ్మ. ఏడుగురికీ ఒకటే పళ్ళెంలో న్సిమా ముద్ద పెట్టేది కదా, చేపల గిన్నె నడుమనేసి. ఎవరి చెయ్యి ఎటుందో చూసుకోకుండా చెయ్యి పెట్టావనుకో, పులుసే మిగులుద్ది."

"మరి చేప దొరికాక నువ్వు తినకుండా పక్కోళ్ళకిచ్చేస్తావేం?"

"అదే నా ఆట మామయ్యా. వెనకోళ్ళకీ ముందోళ్ళకీ ఎప్పుడూ పడదు. బంతి రాలేదని వీళ్ళు, పంపితే పోగొట్టారని వాళ్ళు. నేను వీళ్ళ దగ్గర తీసుకుని వాళ్ళకి చేరుస్తా."

"అంటే ఆ పదిమందికీ నువ్వే న్ఖోస్వేవన్నమాట!"

"అందుకేగా ఎవరికీ నా పేరు గుర్తుండదు. పెళ్ళి పాటల్లో న్ఖోస్వే పేరు ఎవరన్నా పాడారా?"

ఆ రోజునుంచి ఫైనోసి లపుకేనికి జవాబు వెతుక్కోలేదు. రేడియోలో పేరు వినబడలేదంటే పని సవ్యంగా సాగుతోందని అనుకునేవాడు. ఇరవై ఆరు మ్యాచ్‌లలో ఆమె కొట్టింది ఒకే గోలు. అదీ ఎవరో తన్నిన బంతి తన కాలి ఎముకకు తగిలి లోపలికి పోయిందని ఆమే ఒప్పుకుంది.

ఆమెకు ఇరవై ఏళ్ళు నిండాక సరిహద్దు అవతల మ్బెయా నుంచి ఒక క్లబ్బు అడిగింది. మ్వకలుకా అనే సహాయ కోచ్ కాగితాలతో దిగాడు. అతను న్యక్యుసా తెగ మనిషి. చిన్నప్పుడు సరిహద్దుకు ఇవతల కరొంగాలో మేనత్త దగ్గర పెరిగాడు కాబట్టి ఇక్కడి మాట వచ్చు. సంతకాలు పెట్టించుకుని మధ్యాహ్నం బస్సు పట్టుకోవాలని అతని ఆత్రం.

ఫైనోసి ధోరణి వేరు. ఆడపిల్ల ఇల్లు విడిచి ఇంకొకరి ఇంటికి పోతోంది. అటువైపు పూచీ ఎవరు? వాకిట్లో చాప వేయించి, అక్కచెల్లెళ్ళందరినీ పిలిపించాడు.

"పిల్లకి జబ్బు చేస్తే మేం ఎవర్నడగాలండీ?"

"క్లబ్బునడగండి."

"క్లబ్బుకి మొహం ఉంటుందా? చెవులుంటాయా? మనిషిని చెప్పండి."

మ్వకలుకా చేతి గడియారం చూసుకున్నాడు. "సరే, నన్నడగండి."

"మాట?"

"మాట."

"అయితే వెళ్ళి ఒక పుంజుని కొనుక్కురండి."

మధ్యాహ్నం కూరకేమో అనుకుని మ్వకలుకా బజారులో బేరమాడి మంచి పుంజును తెచ్చాడు. వాళ్ళు దాన్ని కొయ్యలేదు, గంప కింద పెట్టారు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కేరింతలు కొట్టారు. అతని చేతిలో గోధుమరంగు పెట్టను పెట్టి, "వెళ్ళిరండి బావగారూ," అన్నాడు ఫైనోసి. చిన్నచేపల కూరతో న్సిమా తిని, ఒళ్ళో కోడితో బస్సెక్కిన మ్వకలుకాకు దారి పొడుగునా ఆలోచనే. కోడినిచ్చి కోడిని తీసుకోవడమేమిటి? తనను బావగారూ అనడమేమిటి? వాళ్ళ వైపు పెళ్ళిళ్ళకు మగపెళ్ళివారు పిల్ల ఇంటికి ఆవులు తోలుతారు. కోడితో మనిషి కట్టుబడతాడని అతనికి తెలియదు. ఇటు ఫైనోసి, కోళ్ళు చేతులు మారాయి గదా అని, పన్నెండు పేజీల ఒప్పందంలో ఒక్క పేజీ చదవకుండా ఎనెలెసి సంతకం కింద సాక్షి సంతకం చేసేశాడు. గడియారం విప్పినవాడు కాగితం విప్పలేదు.

ఏడాదిన్నర బాగానే సాగింది. మ్బెయాలో ఆమెది ఎనిమిదో నంబరు చొక్కా. దేశం పిలిచినప్పుడల్లా రోజున్నర బస్సులో కూర్చుని లిలోంగ్వే వచ్చేది. ఆదివారం ఆదివారం ఫైనోసి ఫోను చేసేవాడు. అక్కడి గడ్డి పొడుగెంత? చలికి బంతి గట్టిపడుతుందా? కొండ మీద పరిగెడితే ఊపిరి తొందరగా అయిపోతుందటగా, ఎందుకని? ఎనెలెసి అన్నిటికీ ఓపిగ్గా చెప్పేది. తనంతట తాను మాత్రం పెద్దగా ఏమీ చెప్పేది కాదు.

తర్వాత పొరుగు దేశాల పోటీలో రెండో మ్యాచ్ వచ్చింది. కొట్టు ముందు రేడియో మోగుతోంది. ముప్పయ్యో నిమిషంలో వ్యాఖ్యాత "ఎనెలెసి" అన్నాడు. వెంటనే మళ్ళీ "ఎనెలెసి". మూడోసారి కూడా "ఎనెలెసి". లపుకేని చప్పట్లు కొట్టబోయాడు. ఫైనోసి చేతిలో పానా జారి కింద పడింది. ఆ పేరు ఇన్నిసార్లు వినబడిందంటే ఏదో చెడిందని అతనికొక్కడికే తెలుసు.

ఎవరూ తన్నలేదు, ఎవరూ తోయలేదు. బంతి కోసం గిర్రున తిరిగింది. బూటు గడ్డిలో ఇరుక్కుపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల లిగమెంటు తెగిందన్నాడు డాక్టరు. ఫైనోసి లిలోంగ్వే వెళ్ళి, ఆయనచేత కాగితం మీద మోకాలి బొమ్మ గీయించుకుని ఇరవై ప్రశ్నలు వేశాడు. అసలు అడగాలనుకున్నది అన్నిటికన్నా చివర అడిగాడు.

"మళ్ళీ ఆడుద్దా అండీ?"

"ఆపరేషన్ చేస్తే ఆడుతుంది. ఆరు నెలలు దాటనివ్వొద్దు. దాటితే తొడ కండ కరిగిపోతుంది, లోపల ఇంకా అరిగిపోతుంది. అప్పుడు నడుస్తుంది గాని ఆడదు."

ఆ ఆరు నెలల్లో నాలుగు ఉత్తరాలకే పోయాయి. దేశం చొక్కాలో తగిలిన దెబ్బ, దేశమే చూసుకోవాలంది క్లబ్బు. పిల్ల మీ జీతం తీసుకునే మనిషి, మీరే చూసుకోవాలన్నారు దేశం జట్టువాళ్ళు. ఒప్పందం ఏడో పేజీలో ఏదో రాసే ఉంది. అది ఎవరికి కావలసినట్టు వాళ్ళకు అర్థమవుతోంది. ఎనెలెసి తల్లి ఇంటి అరుగు మీద కాలు చాపుకుని మొక్కజొన్నలు ఒలుస్తూ కూర్చునేది. లొజాలియా వారానికోసారి తన నడుముకు చుట్టుకున్న చితెంజే గుడ్డ అంచుతో కూతురి తొడలు రెండూ కొలిచేది. వారం వారం తేడా పెరుగుతోంది.

"నన్నొదిలెయ్ మామయ్యా. నీ కొట్లో కూచుని పంచర్లేసుకుంటా," అంది ఎనెలెసి ఒకరోజు.

"నీ పంచరే ఇంకా వెయ్యలేదు, ఊళ్ళోవాళ్ళవేస్తావా," అన్నాడు ఫైనోసి. మర్నాడు పొద్దున్నే ఉత్తరం వైపు పోయే బస్సెక్కాడు.

మ్బెయాలో మ్వకలుకా వాకిట్లో గోధుమరంగు పెట్ట తొమ్మిది పిల్లలతో తిరుగుతోంది. దాన్ని చూశాక ఫైనోసికి ధైర్యం వచ్చింది.

"బావగారూ, పిల్లకి బాగాలేదు. మీ ఇంటి మాటేంటి?"

"నేను జీతగాణ్ణండీ. నా చేతిలో ఏముంది?"

"మీ వాకిట్లో మా కోడుంది."

ఆ కోడికి అర్థమేమిటో అప్పుడు కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. తలుపు చాటునుంచి అంతా విన్న మ్వకలుకా పెళ్ళాం పగలబడి నవ్వింది. "రెండేళ్ళుగా గుడ్లు కమ్మగా తిన్నారుగా! ఇప్పుడు కక్కండి," అంది మొగుడితో.

మ్వకలుకా తల గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎవరూ అడగలేదు గనక ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ సంగతి తనకూ తెలుసు. "సరే బావగారూ," అన్నాడు. "ఇంకో మూడు వారాల్లో మా జట్టు లిలోంగ్వేలో మ్యాచ్‌కి వస్తోంది. బస్సు మీ మ్పొనెలా మీదనించే పోవాలి. మా అధ్యక్షురాలు జైతూనమ్మ కూడా ఉంటారు. ఉత్త భోజనానికేనని చెప్పి ఆపిస్తా. అబద్ధం మీరాడరుగా, అది నా వంతు."

ఆ రోజు బస్సు దిగి చాప మీద కూర్చున్న జైతూని, ఎదురుగా ఉన్న మనిషిని చూసి మొహం ముడుచుకుంది. అక్కడున్నది దేశం జట్టు మేనేజరు కలిమా. ఆమెను లిలోంగ్వే నుంచి ఫైనోసి పిలిపించాడు. నాలుగు నెలలకు పైగా ఉత్తరాల్లో తిట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

చాప పద్ధతి ఏమిటంటే, గొడవ పడ్డవాళ్ళు నోరూ నోరూ కలపకూడదు. ఎవరు చెప్పదలచుకున్నది వాళ్ళ న్ఖోస్వేకు చెప్పాలి. అతను అవతలి న్ఖోస్వేకు చెబుతాడు. ఇక్కడ క్లబ్బు వైపు మ్వకలుకా, దేశం జట్టు వైపు ఫైనోసి.

జైతూని మ్వకలుకా వైపు తిరిగింది. "పిల్లని విరిచి మా మొహాన పారేశారని చెప్పు వాళ్ళకి."

"పిల్ల మీ దగ్గరున్నప్పుడు దెబ్బ తగిలిందని మావాళ్ళు బాధపడుతున్నారు," అన్నాడు మ్వకలుకా ఫైనోసితో.

"పిల్లకి తగిలిందని వాళ్ళకీ బాధగానే ఉందట," అన్నాడు ఫైనోసి కలిమాతో.

"బాధా? ఒక్క ఫోను చేశారేమో అడగండి ఆ బాధగలవాళ్ళని!"

"ఒక్క ఫోను చేసుంటే బాగుండేదంటున్నారు బావగారూ."

"మీ ఫోను కోసం ఎదురుచూశారటమ్మా," అన్నాడు మ్వకలుకా.

మూరెడు దూరంలో కూర్చున్నవాళ్ళు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంది. అయినా మర్యాదకు ఇద్దరూ విననట్టే కూర్చుని, తిరిగొచ్చిన మాటకే జవాబు చెప్పారు. గంటన్నరకు జైతూనికి నవ్వాగలేదు. రెండో గంట దాటేసరికి ఒక దారికొచ్చారు. ఆపరేషన్ లిలోంగ్వేలో దేశం జట్టు చేయిస్తుంది. తర్వాత కసరత్తూ తిండీ మ్బెయాలో క్లబ్బు చూసుకుంటుంది. బదులుగా ఎనెలెసి క్లబ్బుకు మరో మూడేళ్ళు ఆడాలి. ఆ మూడేళ్ళలో క్లబ్బు ఒప్పుకుంటేనే దేశానికి ఆడాలి.

కలిమా పెదవి విరిచి సరేనంది. అందరూ ఫైనోసి వైపు చూశారు. అతను ఊఁ అంటే మోకాలు దక్కుతుంది. నోటిదాకా వచ్చిన ఊఁ అక్కడే ఆగిపోయింది.

పెళ్ళి చాప మీద ఆఖరి మాట పిల్లది. కోడిని అందుకునే ముందు న్ఖోస్వే పిల్లను పిలిచి, తీసుకోనా వద్దా అని అడగాలి. ఇరవై మూడుసార్లు అడిగాడు. ఈ మ్బెయా మనిషి వచ్చిన రోజున మాత్రం, బస్సు వేళ అవుతోందన్న హడావుడిలో, ఆ క్లబ్బు ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న తన సరదాలో, అడగలేదు. లోకంలో ఉన్నవన్నీ అడిగినవాడు అదొక్కటీ అడగలేదు. ఇప్పుడు అడిగితే, ఆమె వద్దంటే? డాక్టరు చెప్పిన గడువుకు ఐదు వారాలే ఉంది.

అయినా ఎనెలెసిని చాప మీదికి పిలిచి అడిగాడు. "అమ్మాయ్, ఆ రోజు నిన్నడక్కుండా కోడి తీసుకున్నా. తప్పు నాదే, నలుగురిలో ఒప్పుకుంటున్నా. ఇప్పుడడుగుతున్నా. వీళ్ళ మాటకి ఊఁ అననా, వద్దా?"

లొజాలియా చితెంజే అంచు నోట్లో కుక్కుకుంది.

"ఆ రోజు అడిగుంటే ఇంకో ఏడాది లిలోంగ్వేలోనే ఉంటానని చెప్పేదాన్ని మామయ్యా," అంది ఎనెలెసి. "నువ్వంత సంబరంగా ఉన్నావు. చెప్పలేకపోయా."

ఫైనోసికి చెంప మీద కొట్టినట్టయింది. "అయితే మరి..." అనబోయాడు.

"నువ్వుండు మామయ్యా. నేను మాట్టాడతా."

ఆమె నేరుగా జైతూని వైపు తిరిగింది. చాప మీద అలా ఎవరూ తిరగరు. "అమ్మా, మూడేళ్ళు కుదరదు. రెండేళ్ళు. కాలు బాగయిన రోజునించి లెక్క. దేశం పిలిస్తే ఉత్తరాలూ బతిమాలుకోడాలూ ఉండకూడదు, పంపెయ్యాలి. కలిమా గారూ, మీరు కూడా. వాళ్ళు నన్నెలా పంపారో అలా తిరిగి అప్పజెప్పాలి. దెబ్బ తగిలితే ఆ రోజే వాళ్ళకి ఫోను చెయ్యాలి. మీకిష్టం లేకపోతే చెప్పెయ్యండి. మోకాలు నాది, ఇలాగే ఉంచుకుంటా."

జైతూని మ్వకలుకా మోకాలి మీద తట్టింది. "ఒప్పుకున్నానని చెప్పు."

ఆ మాట అందించడానికి మ్వకలుకా పక్కకు తిరిగాడు. ఫైనోసి చాప మీద లేడు. ఇంటి వెనక గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. అందులో సిగ్గెంతో, సంతోషమెంతో అతనికే తెలియలేదు. మాట ముగియకుండా చాప మీదనుంచి లేచిపోవడం అతని బతుకులో అదే మొదటిసారి.

ఎనెలెసి మళ్ళీ దేశం చొక్కా తొడగడానికి ఏడాది పట్టింది. ఆ మ్యాచ్‌కు లొజాలియా కూడా వచ్చింది. స్టేడియం మొహం చూడడం ఆమెకు అదే మొదలు. అన్నయ్య పక్కన కూర్చుని, అరవయ్యో నిమిషంలో కూతురిని దింపేదాకా వేరుశనక్కాయలు ఒలుస్తూనే ఉంది గాని ఒక్క గింజా తినలేదు. దిగిన పది నిమిషాలకు అవతలి జట్టులో ఒక పొడుగాటి పిల్ల వచ్చి ఎనెలెసి కాలి మీద పడింది.

ఫైనోసి అప్పటికే రెయిలింగు మీదుగా ఒక కాలు అవతల వేశాడు. లొజాలియా అతని చొక్కా పట్టుకుని లాగింది.

"ఎక్కడికి? పిలిస్తే వెళ్దువుగాని అన్నయ్యా."

అతను ఆ కాలు అలాగే ఉంచి చూశాడు. ఎనెలెసి గడ్డిలో కూర్చుని మోకాలు ఒకసారి వంచింది, ఒకసారి చాపింది. స్ట్రెచరు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నవాళ్ళను చేత్తోనే వద్దంది. జనంలోకి చూడలేదు, ఎవరినీ పిలవలేదు. లేచి నిలబడి, కుడి పక్కనున్న అమ్మాయిని బంతి ఇమ్మని అడిగింది.

ఫైనోసి కాలు ఇవతలికి తీసుకుని చెల్లెలి పక్కన కూర్చున్నాడు.